ఎర్ర జలుబు

దయ్యాలూ భూతాలూ అంటే నాకు నమ్మకం లేదు. ఇప్పటికీ లేదు. ఇది చదివాక మీరు నన్ను మతిలేనిదనుకున్నా సర్దుకుంటాను గానీ, పిరికిదాన్ననుకుంటే మాత్రం ఒప్పుకోను. అందుకే ముందు ఆ ముక్క చెప్పేస్తున్నాను.

మాది ప్రత్తిపాడు దగ్గర పల్లె. పత్తి తీతకి పోవాలంటే మా సమాధుల తోట పక్కనుంచే దారి. ఇరవై ఏళ్ళ పైన ఆ దారిన తెల్లవారకముందే నడిచాను. అక్కడ తెల్లచీర ఆడమనిషి తిరుగుతుందని మా అత్త అనేది. ఒకరోజు తిన్నగా దాని దగ్గరికే వెళ్ళి చూశాను. తుమ్మకంపకి తగులుకుని గాలికి ఊగుతున్న ఎరువుల సంచి. విప్పి ఇంటికి తెచ్చి, కాళ్ళు తుడుచుకోవడానికి గుమ్మం ముందు వేశాను. మా అత్త బతికినన్నాళ్ళూ ఆ సంచి మీద కాలు పెట్టలేదు. దాటుకునే వెళ్ళేది.

నేను చదివింది ఐదో తరగతి. ఇదంతా నా చేత్తోనే రాశాను. తప్పులు మా అమ్మాయి సుజాత దిద్దింది. అక్షరాలు దిద్దుకో గానీ మాటలు మార్చకు అని ముందే చెప్పాను.

పత్తి అయ్యాక మిరపకాయలకి తొడిమలు తీసే పని నాది. కోల్డ్ స్టోరేజీల పక్కన రేకుల షెడ్లు ఉంటాయి. అందులో వరసగా కూర్చుని, పొద్దస్తమానం కాయ పట్టుకోవడం, తొడిమ గిల్లడం. పదేళ్ళ పిల్లప్పుడు మా అమ్మ పక్కన కూర్చుని మొదలుపెట్టాను. ఆ ఘాటు మాకు అలవాటైపోతుంది. మాకు తుమ్ము రాదు. మా పక్కన కూర్చున్నవాళ్ళకి వస్తుంది. ఎన్ని నీళ్ళు పోసుకున్నా జుట్టులో, చీర మడతల్లో ఆ ఘాటు ఉండనే ఉంటుంది. ఈ సంగతి కొంచెం గుర్తుపెట్టుకోండి, ముందు ముందు అవసరం పడుతుంది.

మా ఆయన పేరు ఏసోబు. మిర్చి యార్డులో టిక్కీలు మోసేవాడు. కాయలు కుక్కిన బస్తాని మా వైపు టిక్కీ అంటాం. ఒక క్రిస్మస్ ముందు లారీ మీద నుంచి టిక్కీతో సహా జారిపడ్డాడు. నడుం దెబ్బతింది. మూడు నెలలు మంచం దిగలేదు. లేపి కూర్చోబెట్టడానికి కూడా ఒక మనిషి ఉండాలి.

అప్పటికి సుజాత గుంటూరులో ఆడపిల్లల కాలేజీలో డిగ్రీ రెండో ఏడాది. హాస్టల్లో ఉండేది. ఈస్టరుకి ముందు మేం ఉపవాసాలుండే శ్రమదినాలు మొదలైన వారం, ఒక శనివారం మధ్యాహ్నం ఇంటికొచ్చింది. వచ్చేటప్పుడు పెట్టె కూడా తెచ్చుకుంది. శనివారం వచ్చే పిల్ల సంచితో వస్తుంది గానీ పెట్టెతో రాదు.

"సెలవులిచ్చారా?" అన్నాను, తెలిసి కూడా.

"లేదమ్మా. ఇక చాల్లే. నేనూ నీతో షెడ్డుకొస్తా."

మంచం మీద మా ఆయన గోడవైపు తిరిగి పడుకున్నాడు. నడుం తిప్పుకోలేని మనిషి ఎలా తిరిగాడో నాకు తెలీదు.

షెడ్డుకి వస్తానంది గానీ, అక్కడ ఒక పూట కూడా ఆగలేని పిల్ల అది. చిన్నప్పట్నుంచీ కారం ఘాటు తగిలితే దానికి తుమ్ములు, ముక్కు కారడం, కళ్ళు వాచిపోవడం. తుమ్మి తుమ్మి పడుకునేది. ఆ పిల్లని తీసుకెళ్ళి టిక్కీల మధ్య కూర్చోబెట్టాలా?

ఆదివారం గుడి నుంచి వచ్చాక మెల్లగా అడిగితే ఒక మాట చెప్పింది. వాళ్ళ కాలేజీలో స్కాలర్‌షిప్పు ఒకటి ఉందట. అక్కడే చదువుతూ, చదువు పూర్తికాకుండానే చనిపోయిన కరుణ అనే అమ్మాయి పేరు మీద వాళ్ళ నాన్న పెట్టాడట. ఏడాదికి ఒక్క పిల్లకే ఇస్తారు. ఇచ్చారంటే డిగ్రీ చేతికొచ్చేదాకా ఫీజూ హాస్టలూ వాళ్ళే చూసుకుంటారు. సుజాత మార్కుల కాగితాలు అప్పుడే ఇచ్చేసింది. ఒకటి మాత్రం మిగిలిపోయింది. తల్లి గానీ తండ్రి గానీ తమ బిడ్డ గురించి స్వయంగా రాసిన ఉత్తరం ఇవ్వాలి. తెచ్చి ఇవ్వడం కూడా వాళ్ళే చెయ్యాలి. సోమవారం మూడింటితో ఆఖరు.

"నాన్న రాలేడు, నీకు పని పోద్ది. పైగా అంతమందిలో మనకెక్కడొస్తుంది లేమ్మా," అని ఆశ వదులుకుని వచ్చేసింది.

ఇక్కడ మేం చేసిన పొరపాటు చెప్పాలి. స్వయంగా రాసిన ఉత్తరం అంటే మాకు అర్థమైంది వేరు. ఆఫీసుకిచ్చే కాగితమంటే ఇంగ్లీషులో టైపు కొట్టించాలి, కింద మనం సంతకం పెట్టాలి. మన సంతకం మనం పెట్టుకుంటే అదే స్వయంగా. రేషన్ కార్డు దగ్గర్నుంచి పింఛను దాకా మాకు తెలిసిన పద్ధతి అదొక్కటే. అంత చదివిన సుజాతకి కూడా వేరే ఆలోచన రాలేదు.

ఒక రోజు కూలి పోతే పోయింది, నేనే వెళ్తానన్నాను. సోమవారం మా ఆయన పనులన్నీ చూసి, పదకొండు దాటాక జిరాక్సు షాపుకి వెళ్ళి చెబితే షాపాయన, "ఆ కాలేజీదేగా, పాత ఫైలుందమ్మా, పేరు మారిస్తే చాలు," అని రెండు నిమిషాల్లో కాగితం చేతిలో పెట్టాడు. ఇంగ్లీషు అక్షరాలు చీమల బారులా భలే ముద్దుగా ఉన్నాయి. మడత పడకుండా పుస్తకంలో పెట్టుకుని గుంటూరు బస్సెక్కాను.

బస్సులో మామూలు తంతే. నా పక్కన కూర్చున్నామె తుమ్మింది. వెనక సీటాయన తుమ్మాడు. కండక్టరు టికెట్టు కొడుతూ నాలుగు తుమ్ములు తుమ్మి, "ఏమ్మా, కారం డబ్బాకి మూత పెట్టుకుని ఎక్కొచ్చుగా," అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ మాట మాకు రోజూ ఉండేదే.

కాలేజీకి చేరేసరికి ఒంటిగంట దాటింది. ఆఫీసు గది గుమ్మం దగ్గర కోటయ్యగారని అటెండరు కూర్చునున్నాడు. పెద్దాయన. నేను దగ్గరికెళ్ళేసరికి కండువా ముక్కుకి అడ్డం పెట్టుకున్నాడు. క్లర్కు గారు భోజనానికి వెళ్ళారు, వచ్చేదాకా వరండాలో కూర్చోమన్నాడు. ఆ మాట చెప్పడానికి ఆయనకి మూడు తుమ్ములు పట్టింది.

వరండా చివర బాదంచెట్టు నీడ పడే చోట ఒక సిమెంటు బెంచీ ఉంది. అక్కడ కూర్చున్నాను. పిల్లలందరూ క్లాసుల్లో ఉన్నట్టున్నారు, ఎవరూ లేరు. మంచి ఎండ. చెట్టు కింద రాలిన బాదం ఆకులు కూడా నాకు బాగా గుర్తు. చీకటి గానీ, చల్లగాలి గానీ, కుక్క ఏడుపు గానీ ఏమీ లేవు.

కాసేపటికి ఒక అమ్మాయి వచ్చి నా పక్కన కూర్చుంది. ఎటు నుంచి వచ్చిందో చూడలేదు, కాగితం వైపు చూసుకుంటున్నాను. నూలు చుడీదారు, ఒంటి జడ. చామనఛాయ. చేతిలో పుస్తకం లేదు, సంచీ లేదు, ఫోను లేదు. చేతిలో ఫోను లేని కాలేజీ పిల్లని నేను ఆ రోజే చూశాను.

"ఉత్తరం ఇవ్వడానికొచ్చావా పిన్నీ?" అంది.

ఆ పిలుపు నాకు బాగనిపించింది. గుంటూరులో కాలేజీ పిల్లలు మమ్మల్ని ఆంటీ అంటారు. పిన్నీ అందంటే పల్లెటూరి పిల్లే అనుకున్నాను. అవునన్నాను. ఏం రాశావో చదువు అంది. ఇంగ్లీషు కదమ్మా, నాకు రాదన్నాను.

"అందులో ఏముందో నీకే తెలీదు. ఇంక ఆయనకేం తెలుస్తుంది? ఆయనకీ ఇంగ్లీషు రాదు."

ఆయనెవరని నేను అడగలేదు. స్కాలర్‌షిప్పు ఇచ్చే పెద్దమనిషి గురించే అంటోందనుకున్నాను.

"తెలుగులో నీ చేత్తో రాయి పిన్నీ. స్వయంగా అంటే అదే."

"నా రాత కోడిగీతలమ్మా."

"ఆ గీతలే కావాలి ఆయనకి," అని నవ్వింది.

నేను లేచి కోటయ్యగారిని పెన్ను అడిగి తెచ్చుకున్నాను. ఆయన పెన్ను ఇచ్చి మళ్ళీ తుమ్మాడు. వేరే కాగితం లేక ఆ ఇంగ్లీషు కాగితాన్నే తిరగేసి, వెనకవైపు మొదలుపెట్టాను. ఏం రాయాలో తోచలేదు. మార్కుల గురించి రాయనా అంటే, అవి ఆఫీసులో ఉన్నాయిగా అంది. నువ్వు పని నుంచి ఇంటికెళ్ళగానే మీ అమ్మాయి ఏం చేస్తుందో అది రాయమంది.

అది నాకు తెలిసిన సంగతే. రాశాను. చిన్నప్పుడు నేను వాకిట్లో అడుగుపెట్టగానే సుజాత పరిగెత్తుకొచ్చేది, మీద పడగానే తుమ్ములు మొదలయ్యేవి. అందుకని నేనే ఒక పద్ధతి పెట్టాను. నేను తలంటుకుని చీర మార్చుకునేదాకా అది గుమ్మం లోపలే నిలబడాలి. చేతిలో తువ్వాలు పట్టుకుని నిలబడేది. అయిందా అమ్మా, అయిందా అమ్మా అని అడుగుతూనే ఉండేది. ఇప్పటికీ హాస్టల్ నుంచి వస్తే అక్కడే, అలాగే తువ్వాలుతో నిలబడుతుంది. ఇప్పుడు దాని తల గుమ్మం పైకి తగులుతోంది.

నేను రాస్తూ పైకి చదువుతుంటే ఆ అమ్మాయి వింటోంది. "ఆ తుమ్ముల్ని మీ ఇంట్లో ఏమంటారు పిన్నీ?" అని అడిగింది.

"ఏమంటాం, కారం తుమ్ములంటాం."

"ఎర్ర జలుబు అని రాయి. మా ఇంట్లో అలా అంటాం. నాకూ ఉండేదిలే. ఇప్పుడు రాదు."

మాట బాగుంది కదా అని రాశాను. నేను జెలుబు అని రాస్తే, ఎత్వం తీసెయ్ పిన్నీ, జ చాలు అంది. కొట్టేసి మళ్ళీ రాశాను. ఆ కొట్టివేత ఆ కాగితం మీద ఇప్పటికీ ఉంది.

తర్వాత ఆ అమ్మాయి ఒకటే కబుర్లు. నేను కోడిగీతలు అన్నందుకు వాళ్ళింటి కోడి గుర్తొచ్చిందట. వాళ్ళ కల్లంలో కాయలు ఎండబోస్తే ఒక పెట్ట దొంగచాటుగా దూరి గింజలు ఏరుకు తినేదట. వాళ్ళ నాయనమ్మ కర్ర పుచ్చుకుని తరిమితే కల్లమంతా తిప్పి తిప్పి మళ్ళీ అదే గుట్టలోకి దూరేదట. ముసలామె కూర్చుండిపోయేది గానీ కోడి మాత్రం అలిసేది కాదట. ఒకరోజు ఆ గుట్టలోనే గుడ్డు పెట్టేసిందట. ఎర్రటి కాయల మధ్య తెల్లటి గుడ్డు. వాళ్ళమ్మ దాన్ని గుడ్డట్టు వేస్తే, వాళ్ళ నాన్న ఒక ముక్క నోట్లో పెట్టుకుని, దీనికి కారం వెయ్యక్కర్లేదే, కోడే వేసుకొచ్చింది అన్నాడట.

ఈ కథంతా గుక్క తిప్పుకోకుండా చెప్పింది. మధ్యలో ఆగడం, ఊపిరి పీల్చుకోవడం ఏమీ లేదు. మాటకారి పిల్ల, అత్తారింట్లో బతికిపోతుంది అనుకున్నాను. నవ్వుతూనే ఉత్తరం కింద సంతకం పెట్టాను. నాకు సంతకం పెట్టడానికి కొంచెం టైము పడుతుంది. తలెత్తేసరికి ఆ అమ్మాయి లేదు. క్లాసుకి వెళ్ళిపోయిందనుకున్నాను. నిజంగా నాకు వేరే ఏ ఆలోచనా రాలేదు.

పెన్ను తిరిగిస్తుంటే కోటయ్యగారు, "ఏమ్మా, రాసిందంతా చిన్నపిల్లలా పైకి చదువుకుంటూ, నీలో నువ్వే నవ్వుకుంటూ రాశావే," అన్నాడు. పెద్దాయన కదా, చూపు ఆనలేదనుకున్నాను. క్లర్కు గారు వచ్చి కాగితం తీసుకున్నారు. తిప్పి చూసి, "ఇదేంటమ్మా వెనకాల?" అన్నారు. నేనే రాశానండి అన్నాను. ఏమనుకున్నారో ఏమో, ఫైల్లో పెట్టేశారు.

ఇంటికొచ్చి సుజాతకి చెబితే నెత్తి కొట్టుకుంది. "టైపు కొట్టించిన కాగితం మీద తుమ్ముల గురించి రాసొచ్చావా అమ్మా?" అని. మా ఆయన మంచం మీద నుంచి, "పోన్లే, చదివినాయన కూడా ఓ తుమ్ము తుమ్ముతాడు," అన్నాడు. ఆయన జోకు వేసి మూడు నెలలైంది. అందుకని నాకు కోపం రాలేదు.

రెండు వారాలు గడిచాయి. సుజాత షెడ్డుకి రావడం మొదలుపెట్టింది. మూతికి రెండు చున్నీలు చుట్టుకుని కూర్చునేది. నాలుగో రోజుకే కళ్ళు వాచి కనపడటం మానేశాయి. అయినా మానదు. నేను వద్దంటే, నువ్వెలా చేశావో నేనూ అలాగే అనేది. మా వరసలో వాళ్ళు, "ఏవే శాంతమ్మా, డిగ్రీ చదివించింది తొడిమలు గిల్లడానికా?" అని అడిగేవాళ్ళు.

ఆ ఆదివారం ఆరాధన అయ్యి ఇంటికొచ్చేసరికి మా వాకిట్లో ఒక పెద్దాయన నిలబడి ఉన్నాడు. తెల్ల పంచె, రైతు మనిషి. పొదిలి నుంచి రెండు బస్సులు మారి వచ్చాడట. పేరు వెంకటేశ్వర్లు అన్నాడు. కరుణ తండ్రినని చెప్పాడు.

కుర్చీ వేస్తే కూర్చున్నారు. మంచినీళ్ళు ఇస్తే తాగారు. ముందుగా సుజాత వైపు చూసి, "అమ్మా, నువ్వు సోమవారం కాలేజీకి వెళ్ళిపో. ఈ ఏడు స్కాలర్‌షిప్పు నీదే. ఆ మాట మొన్ననే కాలేజీకి చెప్పేశాను," అన్నారు.

సుజాత లోపలికెళ్ళి, ఆ వాచిన కళ్ళు కడుక్కుని వచ్చింది.

ఆయన అన్నారు, ప్రతి ఏడూ ఉత్తరాలు వస్తాయట. వాళ్ళ తమ్ముడి కొడుకు చదివి పెడతాడట. అన్నీ ఇంగ్లీషే, అన్నిట్లోనూ ఒకటే ముక్క. ఒకాయన అయితే పేరు మార్చడం కూడా మర్చిపోయి, వేరేవాళ్ళ కూతురు చాలా తెలివైనదని సంతకం పెట్టి ఇచ్చాడట. ఈ ఏడుతో ఈ స్కాలర్‌షిప్పే మానేద్దామని తను అనుకున్నారట. "నా చేత్తో నేను పట్టుకుని చదివింది నీ ఉత్తరమొక్కటేనమ్మా," అన్నారు.

తర్వాత చొక్కా జేబులోంచి ఆ కాగితం తీశారు. మడతలు అరిగిపోయి ఉన్నాయి. ఒక మాట మీద వేలు పెట్టి, "ఈ మాట నీకెవరు చెప్పారు?" అని అడిగారు.

ఎర్ర జలుబు. కొట్టివేత పక్కన.

కాలేజీలో ఒక అమ్మాయి చెప్పిందండి అన్నాను. ఆయన వేలు కాగితం మీద నుంచి తీయలేదు. ఆ మాట మా అమ్మాయిది అన్నారు. నాలుగేళ్ళప్పుడు కల్లంలో తుమ్మి తుమ్మి, నాన్నా నాకు ఎర్ర జలుబు చేసింది అందట. ఆ రోజు నుంచీ వాళ్ళింట్లో అదే పేరు. ఆ మాట అనేది ఆయనా, ఆయన భార్యా, నాయనమ్మా, కరుణా, అంతే. ఆ నాయనమ్మ కూడా పోయింది. ఊళ్ళో కూడా ఎవరూ ఆ మాట అనరట.

అప్పుడు నేను ఇదీ ఇదీ జరిగిందండి అని మొదలుపెట్టి బెంచీ, బాదంచెట్టు, పిన్నీ అన్న పిలుపు, అన్నీ వరసగా చెప్పాను. విన్నది విన్నట్టు చెప్పడం నాకు చిన్నప్పట్నుంచీ అలవాటు. కోడి కథకి వచ్చేసరికి ఆయన చెయ్యెత్తి ఆపారు.

"కోడి కథ చెప్పిందా?"

"చెప్పిందండి."

"ఎందాకా చెప్పింది?"

నాకు ఆ ప్రశ్న అర్థం కాలేదు. గుడ్డట్టు దాకా అండి, కోడే కారం వేసుకొచ్చింది అన్నారట కదా మీరు, అన్నాను.

ఆయన కాగితం మడిచి ఒళ్ళో పెట్టుకున్నారు. మా ఆయన మంచం మీద నుంచి మెల్లగా లేవబోయాడు, నేనే వెళ్ళి పట్టుకున్నాను.

కరుణకి ఆయాసం ఉండేదట. ఎర్ర జలుబుతో మొదలైంది, పెద్దయ్యేకొద్దీ ఆయాసంలోకి దిగింది. ఇంటికెవరొచ్చినా ఆ కోడి కథ చెప్పాలని దానికి ఇష్టం. నాయనమ్మ కర్ర పుచ్చుకునేదాకా వచ్చేది, అక్కడికి ఊపిరి అందేది కాదు. చెయ్యి ఊపి, నాన్నా నువ్వు చెప్పు అనేదట. మిగతా సగం ఎప్పుడూ ఆయనే చెప్పేవారట. "ఒక్కసారి కూడా చివరిదాకా చెప్పలేకపోయింది," అన్నారు.

అప్పుడే ఇంకో మాట కూడా చెప్పారు. అది చెప్పడానికే పొదిలి నుంచి వచ్చారేమో అనిపించింది నాకు. కరుణని వాళ్ళు కల్లం దగ్గరికి రానిచ్చేవాళ్ళు కాదట. ఆ ఏడు సెలవులకి ఇంటికొచ్చినప్పుడు, కాయలు ఎండబోసి ఉండగా ఉన్నట్టుండి మబ్బు పట్టింది. పట్టలు కప్పడానికి చేతులు చాలలేదు. తడిస్తే పంటంతా పోతుంది. ఆయనే ఇంటివైపు తిరిగి, కరుణా రామ్మా అని కేకేశారట. వచ్చింది. అందరితో పాటు పట్టలు లాగింది. వాన పడనే లేదట. కానీ ఆ దుమ్ముకి సాయంత్రానికల్లా ఆయాసం ఎక్కువై, పెద్దాసుపత్రికి తీసుకెళ్ళే దారిలోనే పోయింది.

"నేను పిలవకుండా ఉండాల్సింది," అన్నారు.

నేను లేచి ఇంకో గ్లాసు మంచినీళ్ళు తెచ్చిచ్చాను. కాసేపటికి ఆయనే నన్ను అడిగారు.

"అమ్మా, ఊపిరి బాగానే ఆడుతోందా దానికి?"

నాకు గుర్తున్నది గుర్తున్నట్టు చెప్పాను. "గుక్క తిప్పుకోకుండా మాట్లాడిందండి. నా పక్కనే కూర్చుంది, ఒక్క తుమ్ము లేదు. నాకూ ఎర్ర జలుబు ఉండేదిలే పిన్నీ, ఇప్పుడు రాదు అంది."

ఆయన రెండు చేతులతో మొహం కప్పుకున్నారు. ఏడుస్తున్నారనుకున్నాను. చేతులు తీశాక చూస్తే, మోస్తున్న టిక్కీ దించిన మనిషిలా ఉన్నారు. ఆ మొహం నాకు తెలుసు. మా ఆయన పని నుంచి వచ్చినప్పుడు ఇరవై ఏళ్ళు చూశాను. మధ్యాహ్నం మా ఇంట్లోనే అన్నం తిన్నారు. సుజాత వడ్డిస్తుంటే, పచ్చడి తగ్గించి పెట్టమ్మా అన్నారు. పొదిలి బస్సెక్కేముందు, ఈ కాగితం నా దగ్గరే ఉంచుకుంటానని అడిగారు. మీదే కదండీ అన్నాను.

ఇది జరిగి రెండేళ్ళయింది. సుజాత డిగ్రీ అయిపోయింది. గుంటూరులోనే ఒక రక్తపరీక్షల ల్యాబులో పని చేస్తోంది. మా ఆయన లేచి తిరుగుతున్నాడు. టిక్కీలు మొయ్యలేడు గానీ, యార్డులో కాటా దగ్గర కూర్చునే పని దొరికింది. మా మటుకు మేం ఒడ్డునపడ్డాం.

నేను ఊరికే నమ్మే మనిషిని కాదని చెప్పాను కదా. సుజాత కాలేజీకి తిరిగెళ్ళాక నేను కూడా వెళ్ళి కనుక్కున్నాను. ఆఫీసులో కరుణ ఫొటో ఉంది. స్టూడియోలో తీసింది, తలనిండా పూలు పెట్టి. ఆ అమ్మాయేనా అంటే అవునని ప్రమాణం చేయలేను. స్టూడియో ఫొటోలో ఏ పిల్లయినా ఒకేలా ఉంటుంది. కరుణతో చదివినవాళ్ళలో ఎవరైనా ఆ రోజు వచ్చారేమో, తను వాళ్ళకి ఆ మాటా ఆ కథా చెప్పి ఉంటుందేమో అని కూడా అనుకున్నాను. వాళ్ళందరూ చదువు ముగించుకుని ఎప్పుడో వెళ్ళిపోయారన్నారు. అయినా అలాగే అనుకుందాం. అలా అనుకున్నా నాకు రెండు సంగతులు కుదరవు. ఒకటి, కోటయ్యగారిని అడిగాను. "ఆ రోజు బెంచీ మీద నీ పక్కన ఎవరూ లేరమ్మా, నా చూపుకేం రోగం," అని విసుక్కున్నాడు. విసుక్కుంటూ మళ్ళీ తుమ్మాడు. ఆ తుమ్మే రెండో సంగతి. గుంటూరు బస్సులో కండక్టరు నుంచి ఈ కోటయ్యగారి దాకా నా పక్కకొచ్చిన ప్రతి మనిషీ తుమ్ముతాడు. భుజం భుజం తగిలేంత దగ్గరగా అంతసేపు కూర్చున్న ఆ పిల్ల తుమ్మలేదు.

మా పాస్టరుగారికి చెబితే, దేవుని కార్యాలమ్మా అన్నారు. మా ఆయన, ఎవరైతే ఏంలే, మంచి పిల్ల అన్నాడు. నాకు ఈ రెండూ సగం సగమే సరిపోయాయి.

వెంకటేశ్వర్లుగారు అప్పుడప్పుడూ ఫోన్ చేస్తుంటారు. కల్లాల్లోకి కాయ వచ్చే రోజుల్లో అయితే తప్పకుండా చేస్తారు. పోయిన వారం కూడా చేశారు. సుజాత ఎలా ఉంది, మీ ఆయన నడుం ఎలా ఉంది అని అడుగుతారు. తర్వాత కాసేపు ఊరుకుంటారు. నాకు తెలుసు. నేనే మొదలుపెడతాను. పెట్ట గింజలు తినడం, నాయనమ్మ కర్ర పుచ్చుకోవడం, గుట్టలో గుడ్డు, గుడ్డట్టు. ఆ అమ్మాయి ఎలా చెప్పిందో అలాగే చెబుతాను. నాకు మధ్యలో రెండు చోట్ల ఊపిరి పీల్చుకోవాల్సి వస్తుంది.

ఆ రోజు నా పక్కన కూర్చున్నది ఎవరో నేను చెప్పలేను. ఆ కథ మాత్రం చివరిదాకా విన్నాను. బైబిలు మీద చెయ్యేసి చెప్పమన్నా ఆ మాట చెబుతాను.